పదిహేడో వరుసలోని దిబ్బ

మూడు రోజులుగా ఒక పట్టిక ముందు కూర్చుంటున్నాను. ఎడమ పక్క పగడపు దిబ్బల పేర్లున్నాయి. కుడి పక్క చివరి గడి పైన 'ప్రాధాన్యం' అని ఉంది. అందులో ఒకటి నుంచి అయిదు లోపు అంకె వెయ్యాలి. మొత్తం ఇరవై ఎనిమిది వరుసలు. ఇరవై ఏడు పూర్తయ్యాయి. పదిహేడో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ దిబ్బను నేను బాగా ఎరుగుదును. ఆరేళ్లుగా ఏడాదికి రెండుసార్లు అక్కడ నీళ్లలోకి దిగి కొలతలు తీస్తున్నాను. పట్టికలో పెట్టుకున్న పద్ధతి ప్రకారం దానికి రెండు వస్తుంది. కాపాడేందుకు నిధులు వెళ్లేది నాలుగు, అయిదు వచ్చిన దిబ్బలకే. రెండు వేస్తే ఆ దిబ్బను వదిలేయమని నా చేత్తో నేను రాసిచ్చినట్టే. ఆ అంకె సరైనదేనా? పద్ధతిలోనే లోపం ఉందా? లేక ఆ దిబ్బ మీద నాకున్న మమకారం నా కళ్లకు అడ్డుపడుతోందా? ఇది తేలేదాకా గడి నింపకూడదనుకున్నాను. తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఆ పట్టికలోని అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో చెప్పాలి. దిబ్బ మీద యాభై మీటర్ల టేపు పరుస్తాం. టేపు వెంట మీటరుకొకచోట చదరపు చట్రం ఆనించి, పైనుంచి ఫొటో తీస్తాం. ఒడ్డుకు వచ్చాక కంప్యూటర్ ఒక్కో ఫొటో మీద యాభై చుక్కలు చల్లుతుంది. ఒక్కో చుక్క కింద ఏముందో నేను రాయాలి. కొమ్మల పగడం, బండ పగడం, ఇసుక, నాచు, చచ్చిన పగడం, పగడపు ముక్కలు. ఒక్క టేపుకు రెండున్నర వేల చుక్కలవుతాయి. వాటిలో బతికున్న పగడం మీద పడ్డవి ఎన్నో లెక్క కడితే శాతం వస్తుంది. పదిహేడో వరుసలో ఆ శాతం పదహారు. ఆ రెండంకెల వెనక ఒక మనిషి కళ్లు మండేదాకా తెర ముందు కూర్చున్న రాత్రులు ఎన్నో ఉన్నాయని పట్టిక చదివేవాళ్లకు తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. ఆ చుక్కలకు ఏం కనపడదో మాత్రం వాళ్లకు తెలియాలి.

పిల్ల పగడాలు చుక్కలకు దొరకవు. అవి తరచుగా మొలిచేది ఎండ తగిలే పైభాగాన కాదు, బండల పక్క వాలుల్లో, పగుళ్లలో, చచ్చిన పగడాల అంచుల కింద. కిందటిసారి దిగినప్పుడు ఒక చచ్చిన బల్ల పగడం (బల్లలా చదునుగా పరుచుకునే రకం) అంచు కింద లైటు వేసి చూశాను. నా బొటనవేలి గోరంత పగడం ఒకటి కనిపించింది. మధ్యలో లేత గోధుమ రంగు, చుట్టూ దారంత సన్నని తెల్లటి గీత. ఆ గీత పెరుగుతున్న అంచు. ఎదుగుతున్న పగడానికి అక్కడింకా రంగు ఎక్కదు. దాని పక్కన మరొకటి, ఇంకాస్త లోపల ఇంకొకటి. ఒక్క చట్రం మేర చోటులో ఆరు లెక్కపెట్టాను. వాటిలో ఒక్కటి కూడా ఫొటోలో లేదు. వాటి గురించి పట్టికలో గడే లేదు.

ఇలా వరుస కట్టడమే అన్యాయం అనేవాళ్లున్నారు. అన్ని దిబ్బలూ కావాలి, ఏది బతకాలో నిర్ణయించడానికి మనమెవరం అంటారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ వరుస కట్టకపోతే డబ్బు అందరికీ సమానంగా అందుతుందా? అందదు. సులువుగా చేరుకోగలిగే దిబ్బలకు, ఫొటోల్లో అందంగా పడేవాటికి, పక్కన ఇదివరకే పరిశోధన కేంద్రం ఉన్నవాటికి పోతుంది. ఆ వరుస కూడా ఒక వరుసే. కాకపోతే ఎవరూ కాగితం మీద పెట్టరు, ఎవరూ జవాబు చెప్పరు. కాగితం మీద పెట్టిన వరుసతో కనీసం వాదించవచ్చు.

పైగా వ్యవధి లేదు. సముద్రపు అడుగులో ఒక శాతం కూడా లేని చోటులో సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతుకు ఆసరా ఇస్తున్నవి ఈ దిబ్బలు. 2009 నుంచి 2018 దాకా ప్రపంచంలోని పగడంలో సుమారు 14 శాతం పోయిందని అంతర్జాతీయ పర్యవేక్షణ బృందాలు తేల్చాయి. ఆ తర్వాత జరిగింది అంతకన్నా ఘోరం. 1998, 2010, 2014–17 తర్వాత నాలుగోసారి ప్రపంచమంతటా పగడాలు తెల్లబారడం మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2023 మొదలుకొని రెండేళ్ల చిల్లరలో భూమ్మీది పగడపు దిబ్బల్లో 84 శాతం మేర తెల్లబారేంత వేడికి గురయ్యాయి.

తెల్లబారడం అంటే చావు కాదు. ఈ తేడా తెలిస్తేనే తర్వాత చెప్పేది అర్థమవుతుంది. పగడపు జీవి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు జీవులు, శైవలాలు, ఉంటాయి. ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెట్టేవి అవే, రంగునిచ్చేవీ అవే. నీళ్లు బాగా వేడెక్కితే పగడం వాటిని బయటికి వెళ్లగొడుతుంది. అప్పుడు గాజులా పారదర్శకమైన ఒంటి గుండా లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. ఆ క్షణాన అది ఆకలితో ఉంది, ప్రాణంతోనే ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. లేకపోతే కొన్ని వారాల్లో ఆ తెలుపు మీద పచ్చటి నూగు పడుతుంది. నూగు పడిందంటే ఇక అయిపోయినట్టే. పదిహేడో వరుస దిబ్బలో 46 నంబరు బిళ్ల కొట్టిన బండ పగడం ఒకటి ఉంది. ఒక ఎండాకాలం అది మొత్తం తెల్లబడి, ఒక పక్క నూగు పట్టి, రెండో పక్క మళ్లీ గోధుమ రంగుకు తిరిగింది. ఇప్పటికీ సగం శరీరంతో బతుకుతోంది.

ఇప్పుడు పద్ధతుల సంగతికి వస్తాను.

ఈ రంగంలో అందరి నోటా వినిపించేది 'యాభై దిబ్బల' పద్ధతి. హాథార్న్ బేయర్, ఓవ్ హో-గుల్డ్‌బర్గ్ తదితరులు 2018లో ప్రచురించారు. దాని మూలం పెట్టుబడుల లెక్కలో ఉంది. హ్యారీ మార్కోవిట్జ్ 1952లో చెప్పిన సూత్రం అది: బాగా లాభం తెచ్చే వాటాలన్నీ కొనడం తెలివి కాదు, ఒకటి పడ్డప్పుడు మరొకటి పడకుండా ఉండేలా కలిపి కొనాలి. దాన్నే దిబ్బలకు అన్వయించారు. గతంలో తగిలిన వేడి, రాబోయే దశాబ్దాల్లో తగలబోయే వేడి, తుపాను అలల దెబ్బ, లార్వాలు (నీళ్లలో కొట్టుకుపోయే పగడపు పసికూనలు) ఒక దిబ్బ నుంచి మరోదానికి చేరే దారులు వంటి ముప్ఫై కొలతలు తీసుకుని, ఒక్కొక్కటి సుమారు 500 చదరపు కిలోమీటర్లుండే యాభై ప్రాంతాలను ఎంచారు. ఒకే చెడ్డ ఏడాదిలో అన్నీ ఒక్కసారిగా పోకుండా ఉండే కలయిక అది. భవిష్యత్తు ఎలా ఉంటుందో తెలియదని ఒప్పుకుని, ఆ తెలియనితనాన్ని లెక్కలోకి తెచ్చిన పద్ధతి కనుక నాకు దాని మీద గొప్ప గౌరవం.

ఆ యాభై ప్రాంతాలనే కాపాడాలి, మిగతావి వద్దు అని వాళ్లెక్కడా అనలేదు. అయినా ఆ పద్ధతి చేతులు మారుతూ చిన్న సంస్థల పట్టికల దాకా వచ్చేసరికి అర్థం మారిపోయింది. 'ఏ దిబ్బకు వేడి తక్కువ తగులుతుందో దానికి ఎక్కువ మార్కులు' అన్న ఒక్క ముక్క మిగిలింది. నా ముందున్న పట్టిక అలాంటిదే. కలయిక అన్న అసలు ఆలోచనే అందులో లేదు. ఇరవై ఎనిమిది దిబ్బలనూ విడివిడిగా తూచి, పైనుంచి కిందికి పేర్చడమే. మొదటి అయిదూ ఒకే ప్రవాహం దారిలో ఉన్నాయి. ఆ నీళ్లు ఒక్కసారి వేడెక్కాయంటే అయిదూ కలిసి తెల్లబడతాయి.

వేడి తక్కువ తగిలే చోట్లను 'ఆశ్రయాలు' అంటున్నారు. లోతు నుంచి చల్లటి నీరు పైకి వచ్చే చోట్లు, మబ్బు ఎక్కువగా ఉండేవి, కెరటాల కలతతో నీరు కలిసిపోయేవి. మాట బాగుంది, నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఆ ఆశ్రయాలు ఎంతకాలం నిలుస్తాయో 2022లో ఒక బృందం లెక్క వేసింది. భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే అలాంటి చోట్లు ప్రపంచ దిబ్బల్లో 0.2 శాతానికి పడిపోతాయి. 2 డిగ్రీలు పెరిగితే ఒక్కటీ మిగలదు. పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయనీ, 2 డిగ్రీలకు 99 శాతానికి పైగా పోతాయనీ వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం 2018లోనే చెప్పింది. చల్లగా ఉంటుందన్న ఒక్క కారణంతో ఒక దిబ్బకు అయిదు మార్కులు వేయడమంటే ఇవాళ్టి నీడను చూసి అక్కడ ఇల్లు కట్టుకోవడమే.

చల్లగా ఉన్నవి ఒక రకం. వేడికి అలవాటుపడ్డవి ఇంకో రకం. ఎర్ర సముద్రపు ఉత్తర కొసన, అకాబా సింధుశాఖలోని పగడాలను చాలామంది ప్రపంచపు చివరి ఆశగా చూస్తున్నారు. మంచు యుగం తర్వాత అవి దక్షిణాన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దగ్గరి వేడి నీటిని దాటుకుని వచ్చిన సంతతి. ఆ వేడికి తట్టుకోలేనివి దారిలోనే రాలిపోయాయి, తట్టుకున్నవే ఉత్తరానికి చేరాయి. అమెరికన్ సమోవాలోని ఓఫు దీవి దగ్గర ఆటుపోట్ల మధ్య బాగా వేడెక్కే మడుగుల్లోనూ మొండి పగడాలున్నాయి. శాటిలైట్ పటం మాత్రమే చూసే పద్ధతి అలాంటి మడుగును చూసి 'వేడి ఎక్కువ, వదిలేయండి' అంటుంది. సరిగ్గా అక్కడే మనకు కావలసిన బలం దాగి ఉండవచ్చు.

2019లో ఎమిలీ డార్లింగ్ బృందం వేసిన విభజన నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోని 44 దేశాల్లో 2,584 దిబ్బలను చూసి, వాటిని పైనుంచి కిందికి పేర్చకుండా, వాటికి చేయవలసిన పనిని బట్టి మూడు గుంపులు చేశారు. వేడి అంతగా తగలక, పగడం బాగా ఉన్నవి 17 శాతం: వీటిని కాపాడుకోవాలి. బాగానే ఉండి 2014–17 వేడికి గురైనవి 54 శాతం: వీటిని కోలుకోనివ్వాలి. గట్టి పగడం పది శాతం కన్నా తగ్గిపోయినవి 28 శాతం: ఇక్కడ దిబ్బను పట్టుకుని వేలాడకుండా, దాని మీద ఆధారపడిన మనుషుల బతుకుతెరువును మార్చే సాయం చెయ్యాలి. ఈ మూడో గుంపు గురించి మాట్లాడటానికి మా రంగంలో చాలామంది నీళ్లు నములుతారు. వీళ్లు ధైర్యంగా చెప్పారు. వదిలేసినప్పుడు కూడా అక్కడి మనుషులకు మనం చేయవలసింది ఉంటుందని చెప్పారు.

నా దిబ్బ ఆ లెక్కన రెండో గుంపు. కోలుకోనివ్వాలి. కానీ 'కోలుకోగలదా' అన్న ప్రశ్నకు ఆ పదహారు శాతం జవాబు చెప్పదు. సీషెల్స్ దీవుల్లో జరిగింది చూడండి. 1998 వేడికి అక్కడ తొంభై శాతానికి పైగా పగడం చచ్చిపోయింది. ఆ తర్వాత ఇరవై ఒక్క దిబ్బలను ఏళ్ల తరబడి గమనించారు. పన్నెండు మళ్లీ పగడంతో నిండాయి, తొమ్మిది నాచు కిందికి పోయాయి. ఏది ఎటు వెళ్తుందో చెప్పగలిగిన సంగతులేమిటంటే: నీటి లోతు, దిబ్బ రూపంలోని ఎత్తుపల్లాలు, నాచు మేసే చేపలు, నీళ్లలోకి చేరే పోషకాలు, ఇంకా పిల్ల పగడాల సాంద్రత. అంటే చచ్చిన బల్ల పగడం అంచు కింద నేను లెక్కపెట్టిన ఆ ఆరు గోరంత పగడాలు. ఒక దిబ్బ ఎటు వెళ్లబోతోందో చెప్పే గుర్తుల్లో ఒకటైనదానికి మా పట్టికలో చోటు లేదు. ఇది మొదటి రాత్రి తెలిసింది. నిద్ర పట్టలేదు.

రెండో రాత్రి ఇంకో మాట దగ్గర ఆగాను. మేమంతా ఈ పనిని 'ట్రయాజ్' అంటుంటాం. యుద్ధరంగంలో గాయపడినవాళ్లను వైద్యులు వేరు చేసే పద్ధతి. ఆ పద్ధతి సారం ఏమిటి? కొందరు వైద్యం చేయకపోయినా బతుకుతారు. కొందరు చేసినా బతకరు. మూడోవాళ్లు చేస్తే బతుకుతారు, చేయకపోతే పోతారు. వైద్యుడి చెయ్యి ముందుగా వెళ్లవలసింది ఈ మూడోవాళ్ల దగ్గరికి. మేం మాత్రం ఆ పేరు తగిలించుకుని, బాగా బతికే అవకాశం ఉన్నవాళ్లకు ఎక్కువ మార్కులు వేస్తున్నాం! మనిషి చెయ్యి పడకపోయినా బతికే దిబ్బకు డబ్బిస్తే అది బతుకుతుంది, మేం విజయం సాధించామని నివేదిక రాసుకుంటాం. ఆ డబ్బు వల్ల అదనంగా బతికిన పగడం ఎంత? సున్నా కావచ్చు.

రక్షిత ప్రాంతాల చరిత్ర నిండా ఇదే కనిపిస్తుంది. పటం మీద గీత గీయడం సులువు కనుక, ఎవరికీ పెద్దగా పనిలేని చోటే గీస్తారు. 2014లో గ్రాహమ్ ఎడ్గర్ బృందం ప్రపంచవ్యాప్తంగా 87 రక్షిత ప్రాంతాలను పరిశీలించింది. చేపల వేట పూర్తిగా నిషేధించడం, నిషేధాన్ని నిజంగా అమలు చేయడం, పదేళ్లు దాటడం, వంద చదరపు కిలోమీటర్లు మించడం, లోతైన నీరో ఇసుకో చుట్టూ ఉండి విడిగా ఉండటం అనే అయిదు లక్షణాల్లో ఒకటో రెండో మాత్రమే ఉన్నవి 59 శాతం. వాటికీ, వేట సాగే మామూలు దిబ్బలకూ తేడా కనపడలేదు. ఇలాంటి గీతలు ఎన్ని వేల చదరపు కిలోమీటర్లు గీసినా చేపకు తెలియదు. సరిగ్గా గీస్తే ఏమవుతుందో కూడా చూశాం. ఆస్ట్రేలియా తీరాన ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 2004లో రక్షిత హద్దులు మార్చినప్పుడు డెబ్భై రకాల ఆవాసాలను గుర్తించి, ప్రతి దాంట్లోనూ కనీసం ఇరవై శాతం వేటకు మూసేశారు. అంతకుముందు అయిదు శాతం కూడా లేని నిషేధిత భాగం 33 శాతానికి పెరిగింది. మెక్సికోలోని కాబో పుల్మోలో అక్కడివాళ్లే పట్టుబట్టి 1995లో జాతీయ పార్కు తెచ్చుకున్నారు. 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. అక్కడ మనిషి చెయ్యి మార్పు తెచ్చింది.

దీనికి గట్టి ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయలేను. 2016లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ తెల్లబారినప్పుడు టెర్రీ హ్యూస్ బృందం చూసిందేమిటంటే, వేట నిషేధించిన చోటైనా, నీళ్లు శుభ్రంగా ఉన్న చోటైనా, తెల్లబారడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడి ఎవరినీ వదల్లేదు. మరి వాగులు తెచ్చే బురదను ఆపి, చేపలను కాపాడి ఏం లాభం? ఈ ప్రశ్న నన్ను కొన్నేళ్లు వేధించింది. హవాయి దిబ్బల మీద 2023లో వచ్చిన అధ్యయనం చదివాక కొంత తేటపడింది. నేల మీది నుంచి వచ్చే మురుగును, సముద్రంలో వేటను రెండింటినీ కలిపి తగ్గించిన పక్షంలో, వేడి దెబ్బ తగిలిన నాలుగేళ్ల తర్వాత దిబ్బ మీద పగడం బాగా ఉండే అవకాశం మూడు నుంచి ఆరు రెట్లు పెరుగుతుందని వాళ్లు తేల్చారు. మన చెయ్యి వేడిని ఆపలేదు. కానీ వేడి పోయాక లేచి నిలబడటానికి పట్టే కాలాన్ని తగ్గించగలదు. ఆస్ట్రేలియాకు వాయవ్యాన స్కాట్ రీఫ్ అని ఒకటుంది. ఒడ్డుకు చాలా దూరం, మురుగు లేదు, వేట స్వల్పం. 1998 తర్వాత తొమ్మిది శాతానికి పడిపోయిన పగడం, బయటి నుంచి వచ్చే లార్వాల సాయం దాదాపు లేకుండానే పన్నెండేళ్లలో 44 శాతానికి పెరిగింది. 2016లో దానికి మళ్లీ దెబ్బ తగిలింది. పన్నెండేళ్ల వ్యవధి ఇక దొరకడం లేదు. దొరికే నాలుగైదేళ్లలో ఎంత లేస్తే అంతే. అందుకే ఆ కాలాన్ని తగ్గించే పనికి విలువ పెరిగింది, తగ్గలేదు.

అలాంటి పని ఒక్కోసారి నీళ్లలో ఉండనే ఉండదు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఎలుకలు లేని దీవుల మీద సముద్రపు పక్షులు గూళ్లు కడతాయి, వాటి రెట్ట సముద్రంలోకి చేరుతుంది. ఆ దీవుల పక్క దిబ్బల్లో చేపల మొత్తం బరువు ఎలుకలున్న దీవుల పక్కకన్నా 48 శాతం ఎక్కువని 2018లో తేలింది. దీవి మీద ఎలుకలను తొలగిస్తే దిబ్బకు మేలు! ఏ పటం మీది గీతకూ ఇది తట్టదు.

పగడాలు నాటడం గురించి కొద్దిగానే రాస్తాను. జనం ఎక్కువగా అడిగేది దాని గురించే, నిధులిచ్చేవాళ్లకూ అదే ఇష్టం, ఫొటోలు వస్తాయి కనుక. 2020 దాకా ప్రపంచమంతటా జరిగిన ప్రయత్నాలను కలిపి చూస్తే అరవై శాతం ప్రాజెక్టులు ఏడాదిన్నర కన్నా తక్కువే గమనించి ఊరుకున్నాయి. 2023 జూలైలో ఫ్లోరిడాలో ఒక లోతులేని అఖాతంలో నీళ్లు 38 డిగ్రీలు దాటాయి. అక్కడి సముద్రంలో ఏళ్ల తరబడి పెంచి నాటిన కొమ్మల పగడాలు కొన్ని వారాల్లో పోయాయి. బతికినవాటిని ఒడ్డు మీది తొట్లలోకి తరలించుకున్నారు. వాళ్ల చేతుల శ్రమ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. వేడి పెరుగుతున్న నీళ్లలో నాటుకుంటూ పోవడం గాలిలో దీపం పెట్టడమే. కానీ అన్ని చోట్లా అలా కాదు. ఇండోనేషియాలోని సులవేసి దగ్గర పేలుడు పదార్థాలతో చేపలు పట్టి దిబ్బలను పిండి చేశారు. ఆ ముక్కలు అలలకు దొర్లుతూ ఉంటాయి, దొర్లే రాయి మీద పిల్ల పగడం నిలవదు. అక్కడ ఇనుప చట్రాలతో ముక్కలను కట్టడి చేసి పగడాలు కడితే, నాలుగేళ్లలో అవి ఆరోగ్యమైన దిబ్బలతో సమానంగా సున్నం పేర్చుతున్నాయని 2024లో కొలిచి చెప్పారు. చంపింది వేడి కాదు, పేలుడు. పేలుడు ఆగింది. నాటడానికి అర్థం ఉంది.

మూడో రాత్రికి పట్టికలో ఏం మార్చాలో తెలిసింది. 'ప్రాధాన్యం' గడిని తీసేసి రెండు గడులు పెట్టాను. మనం ఏమీ చేయకపోతే పదేళ్లకు ఈ దిబ్బ ఎలా ఉంటుంది? చేయగలిగింది చేస్తే ఎలా ఉంటుంది? రెండింటి మధ్య తేడానే మార్కు. పక్కన ఇంకో గడి పెట్టి, ఆ దిబ్బ లార్వాలు ఎటు పోతాయో రాశాను. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో దాదాపు మూడు శాతం దిబ్బలే మిగతావాటిలో సగం దాకా లార్వాలను అందించగలవని 2017లో లెక్క కట్టారు. అలాంటి తల్లి దిబ్బ ఒకటి బతికితే పక్కవి కూడా నిండుతాయి. నా పదిహేడో వరుసకు ఈ గడి కలిసిరాలేదు. దాని లార్వాలు చాలా వరకు బయటి సముద్రంలోకి కొట్టుకుపోతాయి. ఉన్నది ఉన్నట్టే రాశాను.

ఇరవై ఎనిమిది వరుసలూ మళ్లీ నింపితే క్రమం తారుమారయింది. మొదటి అయిదింటిలో మూడు కిందికి జారాయి. అవి మంచి దిబ్బలే, కానీ వాటికి మనం చేసేదేమీ లేదు. పదిహేడో వరుసలో తేడా పెద్దగా వచ్చింది. కారణం ఆ దిబ్బ దగ్గర సముద్రంలో కలిసే వాగు. పైన కొండ వాలున చెట్లు కొట్టేసిన చోటి నుంచి వానకు మట్టి కొట్టుకొస్తుంది. ఆ వాలును మళ్లీ పచ్చగా చేయడం, వాగు దారిలో మట్టి దిగడానికి కుంటలు తవ్వడం మనుషుల చేతిలోని పని. అక్కడి చేపలవాళ్లు నాచు మేసే చిలుక చేపలను పట్టకూడదని తమలో తాము కట్టుబాటు పెట్టుకుని రెండేళ్లయింది. దీని విలువ నాకు జాషువా సిన్నర్ బృందం 2016లో చేసిన అధ్యయనం చెప్పింది. రెండున్నర వేలకు పైగా దిబ్బల్లో, అక్కడి పరిస్థితులను బట్టి ఉండాల్సిన దానికన్నా చేపలు బాగా ఎక్కువగా ఉన్నవి పదిహేను మాత్రమే తేలాయి. అవన్నీ మనుషులకు దూరంగా ఉన్నవేమీ కావు. చాలాచోట్ల మనుషులు సముద్రం మీద గట్టిగా ఆధారపడి, తమ కట్టుబాట్లతో దాన్ని చూసుకుంటున్నవి.

ఆ చేపలవాళ్లలో పెద్దాయన ఒకరు కిందటిసారి పడవ ఒడ్డుకు లాగుతూ అడిగారు. "ఈ ఫొటోలన్నీ చూసి, మా దిబ్బ పనికొస్తుందంటారా, రాదంటారా అమ్మా?" ఇంకా చూస్తున్నామండీ అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. తాడు చుట్టుకుంటూ నిలబడ్డారు.

మమకారం సంగతి మిగిలింది. నేను ఆరేళ్లు చూసిన దిబ్బకు నేనే మార్కు వేసుకోవడం న్యాయం కాదు. అందుకని ఆ దిబ్బను ఎన్నడూ చూడని సహోద్యోగికి పేరు తీసేసి వివరాలు మాత్రమే పంపాను. పిల్ల పగడాల లెక్క, వాగు, లోతు, వేడి చరిత్ర, కట్టుబాటు. ఆమె వేసిన తేడా నాదానికన్నా ఒక మార్కు తక్కువ. నేను కొంచెం ఎక్కువే వేశానన్నమాట. ఆమె అంకెతోనే చూసినా ఆ దిబ్బ పదిహేడో స్థానం నుంచి ఆరో స్థానానికి వచ్చింది. నాది కొట్టేసి ఆమెది ఉంచాను. పద్ధతి ఎందుకు మార్చానో నాలుగు పేజీలు రాసి, పాత పట్టికనూ కొత్త పట్టికనూ పక్కపక్కన పెట్టి ఈ ఉదయం పంపించాను. ఒప్పుకుంటారో లేదో వచ్చే నెల తెలుస్తుంది. ఒప్పుకోకపోతే ఎదురుగా కూర్చుని వాదిస్తాను.

ఎల్లుండి మళ్లీ ఆ దిబ్బకు వెళ్తున్నాను. టేపు కడిగి ఆరబెట్టాను, చట్రం మూల ఒకటి విరిగితే అతికించాను. ఈసారి రెండో లైటు కూడా తీసుకెళ్తున్నాను, అంచుల కింద చూడటానికి. 46 నంబరు పగడం రెండో పక్కకు ఏమైనా పాకిందేమో కొలవాలి. ఆ ఆరింటిలో ఎన్ని ఉన్నాయో చూడాలి.